ఖాళీ ఉయ్యాల

శుక్రవారం

"కాసేపు పడుకోవే, ఇద్దర్నీ నేను చూసుకుంటా" అంది అమ్మ మధ్యాహ్నం. నమ్మి పడుకున్నాను. లేచేసరికి చిన్నదాన్ని ఎత్తుకుని దర్శిలో తన ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దది ఒక్కతే ఉంది.

మా ఆయనకు ముందే తెలుసట. "కవలలతో నిద్రలేక నీ మనసు దెబ్బతింటోందని డాక్టరమ్మే చెప్పిందిగా. అక్కడుండేది నాలుగు నెలలేగా" అన్నారు, వాకిట్లో రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరుతూ, తలెత్తకుండానే. డాక్టరమ్మ దగ్గర నేను ఏడ్చింది సాయం కోసం, పిల్లను తీసుకుపొమ్మని కాదు. నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది?

పెద్దది ఒకవైపే తాగి పడుకుంది. రెండోవైపు పాలు పిండి పారబోశాను.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పను. మెలకువ రాగానే, ఇంకా సంగతి తెలియకముందు, ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంటే ప్రాణానికి హాయిగా అనిపించింది. అది అమ్మకు తెలిస్తే చిన్నదాన్ని ఇక తెచ్చివ్వదు.