పడ్డ బరువు మోసిన తాడు

డిసెంబరు 3, 1996

అరచేతుల కట్లు విప్పారు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పెన్ను పట్టుకుంటే మంట. అయినా రాస్తున్నా. తెలుగులో రాస్తే ఎవరికీ భయపడక్కర్లేదు — అత్తకి అక్షరాలు రావు, గుహలు దిగే మా క్లబ్బు బెంగాలీలకి తెలుగు రాదు. ఇంట్లో చదవగలిగిన ఒక్క మనిషీ పోయాడు.

తాడు ముందుగదిలో అత్త మంచం కింద ఉంది. గుహలో బురద దాని మీద ఎండిపోయి ఉంది.

డిసెంబరు 4

ఒక్కసారి రాసేస్తే కళ్లముందు నుంచి పోతుందేమో.

మేఘాలయ. గుహలో నిలువు గొయ్యి. అన్నీ మా ఆయన రమణే కట్టాడు — తీగ నిచ్చెన ఒక బండకి, దిగేవాళ్ల నడుముకి కట్టే తాడు ఇంకో బండకి. రెండూ ఒకదానికే కట్టకూడదని క్లబ్బులో అందరికీ నేర్పింది తనే. నిచ్చెన మోసం చేస్తే తాడుండాలి. రెండూ ఒకే రాయిని నమ్ముకుంటే రెండూ పోతాయి. తను దిగుతుంటే పైన తాడు పట్టుకునేది ఎప్పుడూ నేనే. మొగుడూ పెళ్లాలు ఒకే తాడు మీద ఉండకూడదని క్లబ్బు సెక్రటరీ బిమల్ అంటే నవ్వేవాడు — "ఇంకెవరు పట్టుకుంటారు, మీ ఆవిడా?"

సగం దిగాడు. నిచ్చెన కట్టిన బండ దొర్లింది. తాడు నా చేతుల్లోంచి జారింది, కాల్చింది, ఆగింది. నేను వదల్లేదు. తాడు తెగలేదు. తాడు కట్టిన బండ కదల్లేదు. అన్నీ తను చెప్పినట్టే పనిచేశాయి… ఊగి గోడకి కొట్టుకున్నాడు. హెల్మెట్ పగిలింది. బరువు నా చేతుల్లోనే ఉంది, ఎంత పిలిచినా పలకలేదు.

డిసెంబరు 5

పడ్డ మనిషిని ఆపిన తాడు మళ్లీ ఏ మనిషికీ కట్టకూడదు. అదీ తన మాటే. "పైకి బానే ఉంటది. లోపల పోగులు తెగిపోయుంటాయి. కంటికి కనపడదు." అందుకే వెంటనే ముక్కలు చేసెయ్యాలి, ఎవరూ పొరపాటున వాడకుండా. తన తరవాత తాళ్లు చూడాల్సింది నేనే.

చాకు తీశాను. తాడు చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాకు మూసేశాను.

డిసెంబరు 6

ఇవాళా కోయలేదు.

డిసెంబరు 7

బిమల్ వచ్చాడు. క్లబ్బు సెక్రటరీ కదా, ఓదార్చడం తన డ్యూటీ అనుకున్నాడు పాపం. నాకంటే ముందు తనే ఏడ్చాడు. పన్నెండో తారీకు మళ్లీ వెళ్తున్నారట. మిగతా సామాను అక్కడే ఉంది, గొయ్యి అడుగు ఇంకా ఎవరూ చూడలేదు. "రొమొన్‌దా పేరు మీద పూర్తి చేస్తాం, బౌది." క్లబ్బులో రమణ అందరికీ రొమొన్‌దా, రమణన్న; నేను బౌది, వదిన.

తాడు సంగతి ఎత్తాడు. దాన్ని నేనే కోసేస్తానన్నాను. తలూపాడు.

డిసెంబరు 9

పెద్దకర్మ. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్లంతా వచ్చారు, బిమల్ కూడా. అత్త దానాలిచ్చింది. పోయినవాడి దారిలో ఎండకి గొడుగు, ముళ్లకి చెప్పులు, చలికి దుప్పటి. నాకివేవీ నమ్మకం లేదు. ఆ చెప్పులు చూసి మాత్రం ఆపుకోలేకపోయాను. లోపలి గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

డిసెంబరు 10

ఊడుస్తుంటే… మంచం కింద ఖాళీ.

"అత్తా, తాడేది?"

"నిన్న బిమల్ బాబుకి ఇచ్చీసినాను. దానం." ఎంత నెమ్మదిగా చెప్పిందో. "ఆడెల్లే దార్లో ఏ లోయో దిగాలంటే ఎలగమ్మా? గొడుగిచ్చినాం, సెప్పులిచ్చినాం. ఆడికి తాడు కంటే ఇష్టవైంది ఏటుంది?"

"అది పాడైపోయింది అత్తా."

"ఏటి పాడైంది? తెగనేదు గదా. నా కొడుకుని కింద పడనివ్వనేదు గదా."

అరవాలనుకున్నాను. అరవలేకపోయాను. తన పిల్లాడికి దారి కోసం ఇచ్చుకుంది.

డిసెంబరు 11

క్లబ్బు గదికి తాళం. బిమల్ ఇంటి పక్క కొట్టుకి ఫోన్ చేస్తే దొరికాడు. "మాశీమా, మీ అత్తగారే, ఇచ్చారు బౌది. కడిగి చూశాను, ఎక్కడా తెగలేదు. కొడుకు పోయిన తల్లి ఇస్తే వద్దంటానా?" దాన్ని మితూకి కడతాడట. మితూ కొత్తగా చేరిన టీచరమ్మ, ఇదే మొదటి గుహ. రొమొన్‌దా తాడైతే భయం లేదందట.

వద్దని అరిచాను. "మీరు దుఃఖంలో ఉన్నారు" అన్నాడు, పిచ్చిదానికి నచ్చజెప్పినట్టు.

అందరికీ తనంటే ప్రేమే. ఈ ప్రేమతోనే ఇంకో మనిషిని చంపేట్టున్నారు.

డిసెంబరు 12

హౌరా. గౌహతి బండి ఇంకా పెట్టలేదు. సామాను మధ్యలో తాడు — బురద కడిగేసి, పైన బంతిపూల దండ. దేవుడి పటానికి వేసినట్టు.

దండ తీసి పక్కన పెట్టాను. చుట్ట విప్పి వేళ్లతో తడుముకుంటూ పోయాను. ఒకచోట మెత్తగా తగిలింది. మితూ చెయ్యి లాగి అక్కడ పెట్టించాను. ముందు ఏమీ లేదంది. మళ్లీ నొక్కింది. మొహం మారిపోయింది.

"బౌది, దీన్ని కోస్తారా? ఇది ఆశీర్వాదం" — బిమల్. చేతులు జోడించాడు కూడా.

"ఆయనుంటే ఆయనే కోసేవాడు" అన్నాను. మితూ ఒక కొస లాగి పట్టుకుంది. కోశాను. తెగడానికి ఎంత మొండికేసిందో… అరచేతులు మళ్లీ చిట్లాయి. చుట్టూ జనం. మనిషికి కట్టడానికి ఏ ముక్కా పనికిరాకుండా చేశాను. మూటలు కట్టుకోడానికి కూలీలు పట్టుకుపోయారు. బిమల్ అటు తిరిగి నిలబడ్డాడు. బండి ఎక్కేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు.

నేనొక్క ముక్కా ఉంచుకోలేదు. తిరుగు లోకల్ రైల్లో కూర్చున్నాక తెలిసింది, ఒక్కటైనా కావాలని.

డిసెంబరు 13

నిన్న ఇంటికి రాగానే అత్తకి చెప్పాను. దాచలేదు. అప్పట్నుంచి ఆవిడ ముద్ద ముట్టలేదు. ఇందాక కంచం పెడితే పక్కకి జరిపింది.

"ఇచ్చిన దానం ఎనక్కి లాక్కుని కోసీసినావు. ఇప్పుడు ఆడు ఏటట్టుకుని దిగుతాడే?"

ఇవన్నీ నేను నమ్మనని చెప్పొచ్చు. చెప్పలేదు. పొద్దుట్నుంచి అదే కనిపిస్తోంది — ఎక్కడో అంచున తను, కిందకి చూస్తూ. నిచ్చెన లేదు. తాడు లేదు. పైన పట్టుకోడానికి నేను లేను…