రెండో రీలు

1961 నవంబర్ 6
పొద్దుటి నుంచి మబ్బు. నూలుకు గంజి పెట్టలేదు, ఆరదు. మగ్గం మీది తెల్ల బట్ట పూర్తయింది. రేపు సర్కారు సినిమా బండి వస్తుందట. తెర చిరిగిందని బట్ట నన్ను అడిగారు.
పక్కింటి మల్లయ్య — "నీ బట్ట మీద సినిమానా! ఇగ నిన్ను పట్టలేం బావా."
మా ఆవిడ లక్ష్మి నవ్వలేదు. నిరుడు మా బిడ్డ సరోజ పోయినప్పటి నుంచి అంతే.

నవంబర్ 7
మబ్బే. బట్ట వెడల్పు చాలక రెండు ముక్కలు కలిపి లక్ష్మే కుట్టింది. బడి గోడకు కట్టాం. చీకటి పడగానే జనం.
జపాన్‌లో అణుబాంబు పడ్డ ఊరు తెర మీద. ఇళ్ళు లేవు. ఒకామె వీపు మీద ఆమె కట్టుకున్న బట్ట పూలు... చర్మంలోకి దిగి ఉన్నాయి.
తర్వాత ఆసుపత్రి. మంచం మీద చిన్న పిల్ల. నర్సు కట్టు విప్పుతోంది. మా బట్ట మధ్య కుట్టు సరిగ్గా ఆ పిల్ల మీద పడింది.
లక్ష్మి లేచి నిలబడింది. "గట్లనే... మన సరోజకు గట్లనే తోలు ఊడొచ్చింది."
కాగుతున్న నూలు గంజిలో పడింది సరోజ. కరీంనగర్ ఆసుపత్రి దాకా తీసుకుపోయాం.
ఒక రీలు అయిపోయింది. రెండోది ఎక్కించేలోపు వాన. మిషన్ మూసేశారు. లక్ష్మి తడుస్తూ ఆపరేటర్ ఖాజా దగ్గరికి పోయింది.
"తమ్మీ, గా పిల్ల బతికిందా?"
"రెండో రీల్ల ఉన్నదక్కా. ఎల్లుండి నిర్మల్ల ఏస్తం."

నవంబర్ 8
వాన వెలిసింది. బండి కదిలే ముందు ఖాజాను పక్కకు పిలిచి అడిగాను.
"లేదన్నా. ఆఖర్ల ఖాళీ మంచం సూపిస్తరు. అక్కకు చెప్పకు."
బట్ట తడితడిగా ఇచ్చిపోయాడు. కుట్టు విప్పబోతే లక్ష్మి చేయి పట్టుకుంది. కొనడానికి వచ్చిన మనిషితో — "అమ్మేది గాదు." దండెం మీద ఆరేసి దాని ముందే కూర్చుంది.
"రేపు నిర్మల్ పోత. బతికిందో లేదో సూసొస్త."
నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

నవంబర్ 9
ఎండ. గంజికి మంచి రోజు. పొయ్యి వెలిగించలేదు.
తోడు వస్తానన్నాను. "వద్దు. నువ్వు సూడలేవు" అంది. బస్సు కిటికీలోంచి — "సద్ది గిన్నెల ఉన్నది, తిను. పిల్ల మంచిగుంటె రేపే వస్త."
బాగా లేకుంటే... ఎప్పుడొస్తుందో అనలేదు.
లక్ష్మి పొద్దుటి బస్సుకు పోయింది. తెర కట్టిన ఆ బట్ట వెంట తీసుకుపోయింది.