ఖాళీ మైదానంలో వంపు దారి

గురుగ్రామ్

ప్రమీలక్కకు, నేను క్షేమం. ఫోన్‌లో నా గొంతు విని కంగారుపడ్డావట, అందుకే ఈ కార్డు.

ఇక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో అంగన్‌వాడీ భవనానికి ప్లాను గీస్తున్నాను. స్థలం చదునైన ఖాళీ మైదానం. అయినా దాన్ని దాటే ఆడవాళ్లంతా నడిమధ్యకు రాగానే పక్కకు తిరిగి చుట్టూ వెళ్తున్నారు. ఎందుకని ఒకామెను అడిగాను.

"పతా నహీ దీదీ, ఏమో తెలియదు, మా అత్త కూడా ఇలాగే నడిచేది" అంది.

మనసు ఊరుకోక అక్కడే మట్టి పరీక్షకు బోరు వేయించాను. కాస్త దిగగానే రాడ్డు జారి లోపలికి పడిపోయింది. రంధ్రంలోంచి చల్లటి గాలి కొట్టింది. ఎప్పుడో దూలాలు పరిచి మట్టి కప్పేసిన బావి అది. పిల్లలు పడుకునే గదిని సరిగ్గా దానిమీదే గీశాను! వెంటనే కంచె వేయించి, భవనాన్ని రోడ్డు వైపుకు జరిపాను.

"మొదటిరోజు నుంచీ మీరూ ఆ చోటు చుట్టూ తిరిగే వెళ్తున్నారు మేడమ్, గమనించలేదా?" అన్నాడు మా సర్వేయర్ హేమసుందర్.

నిజంగా నాకు తెలియదక్కా. నా కాళ్లకు ఎవరు చెప్పారు?

బావగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ చలి మొదలైంది, నా ఉన్ని శాలువా పంపు. అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ చెల్లెలు
సువర్చల