నాన్న గడ్డం

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ రోజు షాపులో ఒకటి జరిగింది. నిజానికి ఏమీ జరగలేదు. బ్యాంకు మేనేజరు గారు షేవింగ్‌కు వచ్చారు. తల వెనక్కి వాల్చి, టీవీలో ఏదో చూసి నవ్వుతున్నారు. కంఠం మీద కత్తి పెట్టాను. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ఇప్పుడు కోసేస్తే? అంతే. ఆయనంటే నాకు కోపం లేదు, మంచి మనిషి. కత్తి పక్కన పెట్టి, నీళ్లు తాగొస్తానని చెప్పి బయటికి నడిచాను.

ఇరవై రెండేళ్లుగా కత్తి పడుతున్నాను. ఎప్పుడూ ఇలా లేదు. నిద్ర చాలక అయి ఉంటుంది.

ఫిబ్రవరి 12

మళ్లీ వచ్చింది. మూడుసార్లు.

ఫిబ్రవరి 20

షేవింగులన్నీ పొడుగన్నకు తోసేస్తున్నాను. రెండో కుర్చీ అతనిది. పన్నెండేళ్లుగా పక్కపక్కన నిలబడి పనిచేస్తున్నాం. భుజం నొప్పి అని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

కటింగులు మాత్రం చేస్తున్నాను. కత్తెర చెవి దగ్గరికి వెళ్తే ఊపిరి బిగబట్టుకుంటున్నాను. కస్టమర్ వెళ్లాక వీధి మలుపు దాకా చూస్తాను, మెడ పట్టుకుని నడుస్తున్నాడేమోనని. ఇవాళ ఒకాయన వెనకే వెళ్లి కాలర్ మీద నెత్తురుందేమో చూశాను. ఆయన ఏంటయ్యా అని తిరిగాడు. వెంట్రుకలు అంటుకున్నాయని చెప్పి దులిపాను. అక్కడ ఒక్క వెంట్రుక కూడా లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

నాన్నకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. రోజు విడిచి రోజు నేనే గడ్డం గీస్తాను. నాకీ పని నేర్పింది ఆయనే.

ఇవాళ నురగ కలిపి మంచం పక్కన కూర్చున్నాను. కంఠం దగ్గర చర్మం బాగా పల్చబడింది. కింద నరం కొట్టుకుంటోంది. బ్లేడ్లు అయిపోయాయి నాన్నా అని చెప్పి లేచాను. పెట్టె నిండా ఉన్నాయి.

మార్చి 9, ఆదివారం

నాన్నకు రెండు వారాల గడ్డం. చెల్లెలు చూడ్డానికి వచ్చి మొహం మీదే అడిగేసింది. అందరి గడ్డాలూ గీస్తావు, కన్నతండ్రికి తీరిక దొరకలేదా అన్నయ్యా అని. నేను గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. నాన్న ఊరుకోవే అని చేత్తో సైగ చేశాడు. పనిచేసే చెయ్యి అదొక్కటే.

మార్చి 15

పాప వంటింట్లో నేల మీద కూర్చుని బొమ్మలేసుకుంటోంది. ఆరేళ్లది. గట్టు మీద కత్తి ఉంది. ఆలోచన పాప మీదికి వెళ్లింది.

రాయలేను.

ఇంట్లో కత్తులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

మార్చి 16

కూరలు తరగడానికి కత్తి దొరక్క మా ఆవిడ ఇల్లంతా వెతికింది. చివరికి అటక మీద దొరికింది. ఏంటండీ ఇది అంది. చెప్పేశాను, మేనేజరు గారి దగ్గర్నుంచి పాప దాకా అంతా.

విని, వెళ్లి పాపను ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు కాదు దానిది, కాళ్లు వాళ్లమ్మ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. మీరు ఎవరికీ ఏ హానీ చెయ్యరని నాకు తెలుసండీ అంది. అంటూనే రెండడుగులు తలుపు వైపు జరిగింది. ఆ రెండడుగులు చూశాను.

మార్చి 17

మా ఆవిడ పాపను తీసుకుని వాళ్లమ్మ ఇంటికి వెళ్లింది. నేనే వెళ్లమన్నాను. వద్దని ఒక్కసారైనా అంటుందనుకున్నాను.

మార్చి 26

మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అపాయింట్‌మెంట్ తీసుకున్నది మా ఆవిడే, అక్కడ్నుంచి ఫోన్ చేసి. నేను చెప్పేది విన్నాక పోలీసుల్ని పిలుస్తారనుకున్నాను. ఆవిడ పిలవలేదు. ఎప్పుడైనా అలా చెయ్యాలనిపించిందా అని అడిగింది. అయ్యో లేదమ్మా, చేసేస్తానేమోనని చచ్చేంత భయం అన్నాను. అదే తేడా అంది.

దీన్ని ఓసీడీ అంటారట. నవ్వొచ్చింది. షాపుకొచ్చే కాలేజీ పిల్లలు అద్దం ముందు దువ్వెనలు సర్దుతూ నాకు ఓసీడీ ఉంది అంకుల్ అంటుంటారు. ఊరికే చేతులు కడుక్కునేవాళ్ల జబ్బనుకున్నాను.

పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయి, వచ్చి పోతాయి, మీరు మాత్రం కూర్చోబెట్టి విచారణ చేస్తున్నారు అంది. మనకు ఎవరి మీద ప్రాణమో సరిగ్గా అక్కడే పట్టుకుంటుందట. కత్తులు దాచడం, వెనక వెళ్లి చూడటం, ఏమీ కాలేదు కదా అని పదిమందినీ అడగడం, ఇవే దానికి మేత అంది. మాత్రలు రాసింది. మెల్లమెల్లగా మళ్లీ కత్తి పట్టాలంది.

ఆలోచనను తీసేస్తారనుకుని వెళ్లాను. అది ఉండగానే పనిచెయ్యాలట.

ఏప్రిల్ 6, ఆదివారం

నాన్నకు చెప్పాను. నీ గొంతు కోసేస్తానేమోనని భయంగా ఉంది నాన్నా అని కన్నతండ్రితో ఎలా అంటారు? కిటికీ వైపు చూస్తూ అన్నాను.

నాన్న చాలాసేపు మాట కూడదీసుకున్నాడు. అంతేనా, నేను వాసనొస్తున్నానేమో, నీకు అసహ్యం పుట్టిందేమో అనుకున్నాన్రా అన్నాడు.

ఆరు వారాలు. ఆ మాట లోపల పెట్టుకుని ఆరు వారాలు పడుకున్నాడు.

తర్వాత గడ్డం పైకెత్తాడు. ఊఁ, కానియ్ అన్నాడు. నేను పెరట్లోకి పారిపోయాను.

ఏప్రిల్ 8

ఉత్త నురగ. పూసి, తుడిచేశాను.

ఏప్రిల్ 10

బ్లేడు పెట్టిన కత్తి పట్టుకుని పది నిమిషాలు పక్కన కూర్చున్నాను. నాన్న కళ్లు మూసుకుని రేడియో విన్నాడు. మధ్యలో ఒక కన్ను తెరిచి, ఒరేయ్, నేనింకా ఉన్నానా అని అడిగాడు. ఉన్నావు నాన్నా అన్నాను. అయితే సౌండు పెంచు అన్నాడు.

ఏప్రిల్ 15

ఎడమ చెంప. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాన్న చేత్తో తడిమి చూసుకుని, ఇక్కడ వదిలేశావు, నేను నేర్పింది ఇలాగేనా అన్నాడు. తిట్లు తిని ఇంత సంతోషపడటం ఇదే మొదలు.

ఏప్రిల్ 19, శనివారం

రెండు చెంపలూ అయ్యాయి. చిన్న గాటు కూడా పడలేదు. కంఠం సోమవారం అనుకున్నాం. సోమవారం షాపుకు సెలవు, తొందర ఉండదు.

ఏప్రిల్ 20, ఉదయం

టీ తీసుకుని వెళ్లాను. నాన్న లేవలేదు.

ఏప్రిల్ 20, సాయంత్రం

నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు. మా ఆవిడ, పాప వచ్చారు. చెల్లెలు నాన్న మొహం నిమురుతూ, సగం గీసి వదిలేశావేంటి అన్నయ్యా అని ఏడ్చింది. చెంపలు నున్నగా ఉన్నాయి. కంఠం మీద తెల్లగా, దట్టంగా గడ్డం.

పొడుగన్న షాపు నుంచి కత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. పట్టుకుని వంగాను. ఆలోచన వచ్చింది. ప్రాణం పోయిన మనిషి మీద కూడా వచ్చింది. ఇంకేం మిగిలిందని వచ్చావు అనుకున్నాను. అయినా చెయ్యి కదల్లేదు.

పొడుగన్న నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి కత్తి తీసుకున్నాడు. నాన్నకు నొప్పి పుడుతుందేమోనన్నంత మెల్లగా గీశాడు.

ఏప్రిల్ 30

ఆ శనివారం నా వల్లే ఏమైనా అయిందేమో. గాటు పడిందేమో, నేను చూడలేదేమో. పొడుగన్నను అడిగాను. లేదన్నాడు. మళ్లీ అడిగాను. పదిసార్లు లేదన్నాడు. పదకొండోసారి, ఇంక చెప్పనురా, నేను చెప్పేకొద్దీ నీకు ఎక్కువవుతుందని మీ ఆవిడ చెప్పింది అని అటు తిరిగి టవల్ మడతపెట్టాడు. మడిచిన టవల్నే మళ్లీ మడిచాడు.

మే 4

ఒక్క సోమవారం దాకా ఉండి ఉంటే.

మే 12

మా ఆవిడ, పాప తిరిగి వచ్చేశారు. పెట్టె దించగానే మా ఆవిడ అటక మీది గుడ్డమూట విప్పి కత్తులు కడిగి గట్టు మీద పెట్టింది. నా ముందుకు దోసకాయ జరిపింది. తరిగాను. పాప నా మోచెయ్యి పక్కనే నిలబడింది. జ్వరం తగ్గిందా నాన్నా అని అడిగింది. దానికి అలా చెప్పినట్టున్నారు. ఇంకా కొంచెం ఉందమ్మా అన్నాను.

జూన్ 3

పొడుగన్న టీకి వెళ్లినప్పుడు ఎవరో కొత్తాయన వచ్చాడు. షేవింగ్ అన్నాడు. చేశాను. చెంపలు, గడ్డం, కంఠం. ఆలోచన ఆరుసార్లు వచ్చింది.

ఆయన నిద్రపోయాడు.