నాన్న పొడవాటి తుపాకీ

అమ్మా, నీ అల్లుడు యెఫీమూ నేనూ క్షేమం.

నాన్న గుర్తుగా నువ్విచ్చిన, నీళ్ళలో మునిగి చేపల్ని కొట్టే ఈటె తుపాకీ వాడటం లేదని నొచ్చుకోకు. అంత పొడవుది, నీళ్ళు తేటగా ఉండే నల్ల సముద్రానికి సరిపోతుంది. మా సరస్సు నీళ్ళు టీ రంగు. పొరుగింటి సవేలీ తాత, "నీళ్ళలో చెయ్యి చాపు అబ్బాయ్. చూపు ఎంత దూరం ఆనితే తుపాకీ అంత పొడవే ఉండాలి" అని యెఫీమ్ చేత పొట్టిది కొనిపించాడు.

నిన్న ఇద్దరూ చేపల వేటకి మునిగారు. రెల్లులో నల్లగా ఏదో కదిలింది. పొడవుదైతే యెఫీమ్ అక్కణ్ణించే కొట్టేవాడు. పొట్టిది కాబట్టి దగ్గరికి వెళ్ళి చూస్తే, చలికి నల్ల ఉన్ని మేజోడు తొడిగిన తాత కాలు. ఒడ్డుకొచ్చాక తాత, "నేను చారుకి పనికిరానులే, ముదురు మాంసం" అన్నాడు.

ఇక్కడ మిరియాలు దొరకడం లేదు, కాసిని పంపు. చెల్లి దగ్గు తగ్గిందా? దాని బిడ్డకి నా దీవెనలు.

నాన్న తుపాకీని పొయ్యిపైన అడ్డంగా కట్టాను. ఇప్పుడు దానిమీద తాత ఉన్ని మేజోళ్ళు ఆరుతున్నాయి, రెండూ.

నీ గ్లఫీరా