నాన్న బరమా, నా బూట్లు

డిగ్నాబాద్,
14 జూలై 2024, ఆదివారం.

నాన్నకు,

చిట్టితల్లి నమస్కారాలు. అమ్మా, నేనూ కులాసా, నా పాదాలు తప్ప. రంగత్‌లో చేపల వేట బాగుందని తలుస్తాను. నూకన్న మావ బోటు రేపు అటు వస్తోందంటే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే మళ్లీ అరుస్తానేమోనని భయం.

నిన్న మా కాలేజీ వాళ్లం హారియట్ కొండెక్కాం. నువ్వు చెయ్యి పెట్టిన నా కొత్త బూట్లు వేసుకోలేదు. నీరు చొరబడని బూట్లు కావాలని నేను బజారంతా తిరిగి ఏరుకున్న జత అది. దానికి నువ్వు బరమాతో చిల్లులు పెడుతుంటే నాకు ఒళ్లు మండింది. "పడవలోకి నీల్లు రాకండా ఎవుడాపగల్డే? వచ్చిన నీల్లు పోడానికి దారుండాల" అన్నావు. చేపలు పట్టే బుర్రకి బూట్ల సంగతేం తెలుసని అనేశాను. నువ్వు ముద్ద ముట్టకుండా బోటెక్కావు. పక్కింట్లోంచి శ్రీను అన్నయ్య వచ్చి చూసి, "చిన్నాన్న బూటుని కూడా వల సేసీసినాడే" అని నవ్వి, తన బూట్లిచ్చాడు.

అవి నాకు రెండు సైజులు పెద్దవి. లోపల ఎండుచేపల కంపు. మొదటి వాగులోనే నీళ్లు పైనుంచి దిగాయి, ఇక బయటికి పోలేదు. అడుగడుక్కీ బుచిక్ బుచిక్. కాలికింద ఏదో మెత్తగా చితికితే ఆకనుకున్నాను. విప్పితే జలగ! నేరేడుపండంత ఉబ్బి పగిలింది. మేజోడంతా నల్లటి రక్తం, దాని మీద ఇంకో రెండు పాకుతున్నాయి. దారి చూపించే ఉమేష్ భయ్యా ఆ బూటు వంచి, "ఇది జూతా కాదు దీదీ, బాల్టీ!" అని దాన్ని నీళ్ల బకెట్టుని చేసి అందరి ముందూ నవ్వాడు. సగం దారిలోనే దిగొచ్చేశాను. ఇంట్లో అన్నం కలపబోతే అదే కళ్లముందు మెదిలి చెయ్యి కడిగేసుకున్నాను. జుగుప్స అన్న మాట మొన్ననే పుస్తకంలో చదివాను. దాని అర్థం నిన్న నా మడమకి తెలిసింది.

వచ్చే ఆదివారం మళ్లీ ఎక్కిస్తారు. పైదాకా వెళ్లినవాళ్లకే మన దీవుల్లోకెల్లా ఎత్తైన శాడిల్ పీక్ కొండ యాత్రలో చోటు. నీ మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఇట్లు,
మాట జారిన నీ కూతురు,
చిట్టితల్లి

తా.క.: కోపం సంగతి అబద్ధం. ఆరోజు నేను బరమా లాక్కున్నాను కదా, కుడి బూటుకి నాలుగు చిల్లులు పడ్డాయి, ఎడమదానికి ఒక్కటే. మిగతా మూడూ ఇవాళ నేనే పెట్టాను. వంకరగా వచ్చాయి. రెండూ తొడుక్కుని నీళ్ల తొట్టిలో దిగి బయటికొచ్చాను. పది లెక్కపెట్టేలోపు నువ్వు చిల్లులు పెట్టిన కుడి బూటు ఖాళీ. నేను పెట్టిన ఎడమది ఇంకా కారుతూనే ఉంది. జలగలు ఆ చిల్లుల్లోంచి రావా అంటోంది అమ్మ. వస్తాయి, పోతాయి కూడా. ఆదివారంలోపు వచ్చి ఎడమది సరిచెయ్యి నాన్నా. ఆ రోజు వదిలేసిన అన్నం ఇద్దరం కలిసి తిందాం.