మూడుసార్లు కేకేసి నొక్కిన ఎంటర్

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. నిన్ను తలుసుకొని ఏడుద్దామనుకుంటే, మన జిరాక్స్ దుకాణంల కంప్యూటర్ నాకంటే ముందే పండుకుంది. మన ఖని పట్నం ఎండలకో ఏమో, తెరుచుకోనే లేదు.

ఆఖరిసారి డ్యూటీకి పొయ్యే ముందు నువ్వు మొత్తం కంప్యూటర్‌ను ఇంకో డిస్కుల కాపీ చేసి పెట్టినవ్ గద, దాన్ని తీసిన. వెనక్కి ఎక్కించాలంటే మౌస్ పనికిరాదు, నల్ల తెర మీద కమాండ్ కొట్టాలె. రెండు డిస్కుల పేర్లు తారుమారైతే నీ కాపీయే తుడుచుకపోతది.

బొగ్గు బాయిల మందు పేల్చేముందు మూడుసార్లు కేకేసుడు నీ పని. కమాండ్ కొట్టినంక, ఎంటర్ నొక్కే ముందు గూడ గట్లనే కేకేస్తుంటివి, కేకకొకసారి పేర్లు చూసుకోమంటివి.

నేను గూడ "ఫైరింగ్!" అని కేకేసిన. రెండో కేకకు చూస్తే పేర్లు తారుమారే ఉన్నయ్! సరిజేసి, మూడో కేక గట్టిగేసి ఎంటర్ నొక్కిన.

వెనక్కి తిరిగితే జిరాక్స్‌కొచ్చిన రాజన్న కాక లేడు. బాయిల పని మానేసి ఎన్నేండ్లయినా అలవాటు పోలె. బయటికురికి, గోడ చాటున చెవులు మూసుకొని కూసున్నడు.

"పేలిందా బిడ్డా?"

"లేదు కాకా, మంచిగైతుంది, లోపలికి రా."

కొంచెం సేపటికి కంప్యూటర్ తెరుచుకుంది. ఆ పొద్దు నువ్వు తెర మీద పెట్టిన పెద్దక్షరాలు అట్లనే ఉన్నయ్: "డ్యూటీకి పోయిన. జల్ది వస్త."

రాజన్న కాక నీ దినాలకొచ్చి అన్నం తిన్న మనిషే. అది పైకి సదివి, "సరే, వచ్చెదాంక కూసుంట" అని కుర్సీ గుంజుకున్నడు.